‘గ’ జారిన సాయంత్రం

రిటైరయ్యాక భవానీపురంలో సంగీతం స్కూల్లో చేరాను. ఆరు నెలలైనా సరిగమల్లో నా ‘గ’ కాస్త కిందకే జారేది.

ఓ సాయంత్రం శ్రుతిపెట్టె సర్దడానికి లోపలి గదిలోకి వెళ్తే, ఎవరో చూసుకోకుండా బయట గడియ పెట్టేశారు. కిటికీ లేదు. ఫోను హాల్లో ఉండిపోయింది. తలుపు బాదాను, అరిచాను. పక్క గదిలో మృదంగం క్లాసు. నా గోలంతా అందులో కలిసిపోయింది. ఏం చేయాలో తోచక, భయం తగ్గుతుందని సరళీ స్వరాలు అందుకున్నాను.

రెండో వరస పూర్తికాకముందే గడియ తీసిన చప్పుడు.

“మళ్ళీ ‘గ’ జారిందండీ, మృదంగం మధ్యలోంచి కూడా చెవిలో గుచ్చుకుంది,” అన్నారు మాస్టారు చిరాగ్గా. అది సరిగ్గా పలికేదాకా నన్ను గుమ్మం దాటనివ్వలేదు.

ఇప్పుడు నా ‘గ’ నిలకడగానే పలుకుతోంది. అందుకే ఆ గదిలోకి ఫోను లేకుండా అడుగుపెట్టను.