నా చేతిరాతలో నర్సమ్మ

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ లెక్కలేదు. శంషాబాద్ దగ్గర సర్కారు బడిలో లెక్కల టీచర్ని. రోడ్డు మధ్య నిమ్మకాయలు, కుంకుమ కనిపిస్తే దాటుకుని పోయేదాన్నే గాని పక్కకు జరిగేదాన్ని కాదు. ఇది చదివి ఎవరైనా నవ్వితే తప్పుపట్టను. నాలుగేళ్ల కిందట నేనూ నవ్వేదాన్నే.

మా కాలనీ కమ్యూనిటీ హాల్లో నెలకో ఆదివారం పొద్దున ఒక చిన్న సంఘం కూడుతుంది. మా కుటుంబాల పాత చరిత్ర వెతుక్కునేవాళ్లం, పాతిక మందిమి ఉంటాం. ఎయిర్‌పోర్టు వచ్చాక చుట్టూ ఊళ్లన్నీ ప్లాట్లయిపోయాయి. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పగలిగిన ముసలివాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. రాజేంద్రనగర్‌లో స్థిరపడిన మూర్తిగారని, కోస్తా ఆయన, రిటైరైన సర్వేయర్, అన్నీ ఆయనే చూస్తారు. ఒక ఇనుప బీరువా నిండా పాత భూముల పహాణీల నకళ్లు, బడి రిజిస్టర్ల జిరాక్సులు, పెళ్లిపత్రికలు దాచారు. ఉర్దూ కాగితాలు చదివిపెట్టే పెద్దాయన ఒకరు వస్తారు. పెద్దవాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేయడం నేర్పుతారు.

మా బాపు చనిపోయిన ఏడాదే నేను అందులో చేరాను. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసిపెట్టాలని నా ఆశ.

ఒక ఆదివారం మూర్తిగారు అందరికీ గళ్లున్న కాగితం పంచారు. ఎవరినీ అడక్కుండా, పావుగంటలో మూడు తరాల పేర్లు నింపాలి. ఎంత తెలుసో, ఎంత తెలియదో ఎవరికి వాళ్లు చూసుకోవడానికి. నేను పది నిమిషాల్లో నింపి ఇచ్చేశాను. కునుకు పట్టలేదు, కళ్లు తిరగలేదు, ఒంట్లో బాగానే ఉంది.

కాగితాలు గోడకు అంటిస్తూ మూర్తిగారు నన్ను పిలిచారు.

"మేడమ్, మీ నాన్నగారు, బాబాయిగారు ఇద్దరే అన్నారు కదండీ? మరి ఈ నర్సమ్మగారు ఎవరండీ?"

వెళ్లి చూశాను. తాత పేరు కింద మూడు గళ్లు నిండి ఉన్నాయి. మొదటిదాంట్లో బాపు, మూడోదాంట్లో చిన్నబాపు. మధ్యలో 'నర్సమ్మ'. దాని కింద చిన్న అక్షరాలతో 'కుడి చెవి వినపడదు'. నా నీలం పెన్నే. స వత్తును కిందికి లాగి రాసే నా అలవాటుతో సహా, నా చేతిరాతే. రాసిన గుర్తు మాత్రం లేదు. ఆ పేరు అంతకుముందు విన్నదీ లేదు.

అక్కడికక్కడే ఫోటో తీసుకున్నాను. తర్వాతి వారం బీరువాలో మా ఊరి కాగితాలన్నీ తిరగేశాను. ఎక్కడైనా చూసి మరిచిపోయానేమోనని. ఎక్కడా లేదు. బడి రిజిస్టర్లో ఆ కాలపు ఆడపిల్లలే లేరు. నానమ్మ నేను పుట్టకముందే పోయింది. బాపుకు పక్షవాతం వచ్చి, చివరి రెండేళ్లూ నోట మాట లేదు.

మిగిలింది చిన్నబాపు ఒక్కడే. ఎనభైకి దగ్గర పడ్డాడు, మహేశ్వరం దగ్గర మా ఊళ్లోనే ఉండేవాడు. ఒక మధ్యాహ్నం వెళ్లి, కాగితం ముందు పెట్టి, చదివి వినిపించాను. తింటున్న కంచంలో చెయ్యి ఆగిపోయింది.

"ఎవలు జెప్పిన్రు నీకు?"

"ఎవలూ చెప్పలే చిన్నబాపూ. నేనే రాసిన."

చిన్నబాపు కంచం పక్కకు జరిపాడు.

"జరమొచ్చి అక్కకు రెండు చెవులూ పోయినయని ఊరందరికి చెప్పిన్రు. ఉత్తదే. మా నాయన కొట్టిండు, కుడి చెంప మీద. మంచం కింద కూసోని నేనొక్కన్నే జూసిన. ఎడమ చెవి మంచిగనే ఇనొస్తుండె. అండ్ల గుసగుస జెప్తె నవ్వుతుండె. గా ముచ్చట నేను ఎవలికీ జెప్పలే."

ఆ పైన అడగకుండానే చెప్పాడు.

"చెవిటిదాన్ని ఎవలు జేసుకుంటరని ఇంట్ల రోజూ లొల్లి. పన్నెండేండ్లుంటయేమో. మీ బాపు సెయ్యి వట్టుకోని జాతరకు తీస్కపోయిండు, మా నాయన తీస్కపొమ్మంటే. ఒక్కడే మర్లొచ్చిండు. తప్పిపోయిందన్నరు. ఒక్కలు గూడ ఎతుకవోలే."

బాపుకు అప్పుడు పదహారేళ్లు.

చిన్నప్పుడు జాతరలో బాపు నా మణికట్టు నొప్పి పుట్టేలా పట్టుకునేవాడు. రంగులరాట్నం ఎక్కినా వదిలేవాడు కాదు. నా మీద అంత ప్రేమని అందరికీ చెప్పుకునేదాన్ని.

ఫోన్ తీసి రికార్డు చేయబోతే చిన్నబాపు చేత్తో కప్పేశాడు. "బంద్ జెయ్. ఇగ గా పేరు కొట్టెయ్ బిడ్డా."

కొట్టెయ్యలేదు. తమ్ముడికి చెప్పాను. "సచ్చినంక బాపు ఇజ్జత్ బజార్ల వెడ్తవా అక్కా?" అన్నాడు. వాణ్ణి వెంటబెట్టుకుని మళ్లీ వెళితే, చిన్నబాపు నా ముఖం చూడకుండా "నేనేం జెప్పలే" అన్నాడు. ఆ రోజు నుంచి తమ్ముడు నాతో మాట్లాడటం లేదు.

సంఘం తరఫున కుటుంబాల పుస్తకం అచ్చు వేశారు. ప్రతి పేరుకూ రెండు ఆధారాలు ఉండాలి, అది మేమందరం చేతులెత్తి ఒప్పుకున్న నియమం. నర్సమ్మకు నా చేతిరాత తప్ప ఏ ఆధారమూ లేదు. మూర్తిగారు బాధపడ్డారు గాని నియమం మార్చలేదు. మా తాతకు ఇద్దరే పిల్లలని అచ్చయింది. తమ్ముడు ఇరవై కాపీలు కొని చుట్టాలకు పంచాడట. నేను సంఘానికి పోవడం మానేశాను. నిరుడు చిన్నబాపూ పోయాడు.

ఈ ఏడు పెత్రమాసకు తమ్ముడు పిలవలేదు. పెద్దల పేరున ఇచ్చే బియ్యం, కూరగాయలు సర్దుకుని ఒక్కదాన్నే గుడికి వెళ్లాను. అయ్యగారికి పేర్లు చెప్పాను. తాత, నానమ్మ, బాపు, చిన్నబాపు. చివర నర్సమ్మ అన్నాను.

"ఆమె ఎప్పుడు పోయిందమ్మా?" అన్నారాయన.

తెలియదన్నాను.

"అసలు పోయిందా?"

అదీ తెలియదన్నాను. బతికున్నవాళ్ల పేరున ఇవ్వకూడదమ్మా అని, ఆ ఒక్క పేరూ వదిలేసి మిగతావి చదివారు.

ఉంటే ఎనభై రెండేళ్లుంటాయి. ఆ పేరు నా చేత రాయించింది ఏమిటో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. దయ్యమని అనుకోవాలన్నా, ముందు ఆమె చనిపోయిందని నాకెవరైనా చెప్పాలి కదా.