గంటకో తాళంచెవి

గంటాయన ఎవరికీ ఏదీ గంటకి మించి ఇవ్వడు. కత్తెర అడిగినా అంతే, గొడుగు అడిగినా అంతే, సలహా అడిగినా అంతే. సలహాకి గడువేమిటని నవ్వకండి. పొద్దున లిఫ్టు దగ్గర ఆయన చెప్పిన సలహాని మధ్యాహ్నం పాటించబోతే, అది పాతబడిపోయింది, మళ్ళీ అడగమన్నాడు. అడిగాను. అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పాడు.

ఆయనకో అసలు పేరుంది కానీ జీతాల విభాగం వాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆయన పని చెప్తాను వినండి. మా కంపెనీ ఫైళ్ళేవీ మా భవనంలో ఉండవు. ఎక్కడో దూరాన అద్దెకి తీసుకున్న కంప్యూటర్లలో, క్లౌడ్‌లో ఉంటాయి. వాటిని ముట్టుకోవాలంటే బారెడు రహస్య అక్షరాలు కావాలి. వాటినే మేం తాళంచెవి అంటాం. ఆ తాళంచెవులు ఇచ్చే అధికారం గంటాయనది. అందుకోసం ఆయనే ఒక ప్రోగ్రాం రాశాడు. బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్ల తెర మీద ఒక్క మాట టైపు చేస్తే మీరెవరని అడుగుతుంది, మీ ఫోనుకి పంపిన అంకెలు చెప్పమంటుంది, తాళంచెవి ఇస్తుంది. సరిగ్గా అరవై నిమిషాలకి ఆ తాళంచెవి చచ్చి ఊరుకుంటుంది.

మేం అరవై మందిమి. రోజుకి ఎనిమిదేసి సార్లు ఆయన్ని తలుచుకునేవాళ్ళం. ఏమని తలుచుకునేవాళ్ళమో అచ్చులో రాసేది కాదు.

ఇంట్లోనూ ఇదే తంతట. ఆయన మర్చిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి ఒకరోజు వాళ్ళావిడ ఆఫీసుకి వచ్చి, నా పక్క కుర్చీలో కూర్చుని చెప్పుకొచ్చింది. అల్లుడు కారు అడిగితే గంటకి ఇచ్చాడట. యాభై అయిదో నిమిషంలో అల్లుడు ఫోన్ చేసి ఇంకాసేపు ఉంచుకుంటానంటే, పొడిగించడాలు కుదరవు, తిరిగిచ్చి మళ్ళీ తీసుకోమన్నాడట. పాపం ఆ అల్లుడు ఊరి అవతలి నుంచి వచ్చి, కారు తాళాలు మామగారి చేతిలో పెట్టి, అదే చేతిలోంచి తీసుకుని వెళ్ళాడు.

"ఒక్కటి మాత్రం నాకు లాభం అమ్మా," అందావిడ. "అలిగినా గంటే. గంట ఓపిక పడితే ఆ అలక చెల్లదు. కావాలంటే కొత్త కారణం వెతుక్కోవాలి. ఆయనకి అంత ఓపికేదీ?"

ఇక నా సంగతికొస్తాను. అప్పటికి నేను చేరి ఆరు నెలలు కావస్తోంది. నా ఉద్యోగం ఖాయం చేస్తారో, ఇంటికి పొమ్మంటారో ఆ శుక్రవారం తేలుతుంది. ఉన్న ఉద్యోగం మానేసి, ఉన్న ఇల్లు ఖాళీ చేసి, అమ్మని వెంటబెట్టుకుని వచ్చినదాన్ని. ఇంటికి పొమ్మంటే ఏ ఇంటికి పోవాలో నాకే తెలియదు.

పని బాగా చేస్తానన్న పేరుంది. నా బలహీనతల్లా సోకు. ఒంటికి కాదు, నా నల్ల తెరకి. దానికి తగిలించుకునే చిన్న చిన్న ప్రోగ్రాములుంటాయి, ప్లగిన్లంటారు. ఒకటి రంగులు వేస్తుంది. ఒకటి మనం సగం టైపు చేయగానే మిగతా సగం అందిస్తుంది. ఒకటి తప్పు టైపు చేస్తే వెక్కిరిస్తుంది. వీటన్నిటినీ దింపి, సర్ది, పాతబడితే మార్చడానికి ఇంకో ప్రోగ్రాం. నా దగ్గర మొత్తం నలభై ఒక్కటి పోగయ్యాయి. పొద్దున్నే నా తెర తెరుచుకునేలోపు గంటాయన వెళ్ళి టీ తాగి వచ్చేవాడు. ఆయన తెర మాత్రం నలుపూ తెలుపూ, బోసి.

"ఊరూ పేరూ తెలియనివాళ్ళు రాసినవి నలభై ఒక్కటి ఇంట్లోకి రానిచ్చావు. నిద్రెలా పడుతుందమ్మాయ్ నీకు?" అనేవాడు.

నలభై రెండోది నేనే రాసుకున్నాను. తాళంచెవి చావడానికి ఇంకెన్ని నిమిషాలుందో అది తెర మూల చూపిస్తుంది. పక్కనే గంటాయన మీసం బొమ్మ. నిమిషాలు తగ్గేకొద్దీ మీసం కిందికి వాలుతుంది. ఆఫీసంతా వచ్చి చూసి నవ్వి వెళ్ళారు. ఆయనా వచ్చి చూశాడు. మీసం కొలత తప్పన్నాడు.

ఆ వారం నాకు నాలుగు గంటలు పట్టే ఫైళ్ళ కాపీ ఒకటి తగిలింది. మంగళవారం మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ మధ్యలో తాళంచెవి చచ్చి మొదటికొచ్చింది. శుక్రవారంలోపు అది పూర్తి కాకపోతే నా గతేమిటి? బుధవారం పొద్దున్నే గంటాయన దగ్గరికి వెళ్ళి ఒక్కరోజు గడువుతో తాళంచెవి ఇమ్మన్నాను. కుదరదన్నాడు. పనిని గంట గంట ముక్కలుగా కోసుకోమన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"మీకు మనుషుల మీద నమ్మకం లేదు సార్. ఇదంతా అందుకే," అనేశాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "పది అయింది. ఇప్పుడొకటి తీసుకో. పదకొండుకి ఇంకోటి తీసుకో," అన్నాడు.

పదింటిది తీసుకున్నాను కానీ కోపంలో పని సాగలేదు. పదకొండింటిది తీసుకోనే లేదు. ఈయన మీసాన్ని లోకమంతా చూడాలనిపించింది. నా సోకులన్నీ ఉన్న ఫోల్డర్‌ని, ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చని రాసి, ఇంటర్నెట్‌లో పెట్టేశాను. అప్పుడు టైము పదకొండూ నాలుగు. మెచ్చుకోళ్ళ కోసం కాచుకు కూర్చున్నాను. నిమిషాలు లెక్కపెట్టడానికని నా ప్లగిన్ తాళంచెవి నకలొకటి అదే ఫోల్డర్‌లో దాచుకుంటోంది. ఆ సంగతి దాన్ని రాసిన మహాతల్లికే గుర్తులేదు.

పదకొండూ పదికి క్లౌడ్ వాళ్ళ దగ్గర్నుంచి హెచ్చరిక మెయిల్ వచ్చింది. మీ కంపెనీ తాళంచెవి నడివీధిలో పడి ఉంది, చూసుకోండని. డైరెక్టరు మేడమ్‌కీ, గంటాయనకీ, మా అందరికీ వచ్చింది. మా రూలు అందరికీ కంఠతా వచ్చు. తాళంచెవి బయటికి వదిలినవాళ్ళు ఆ రోజే సంచీ సర్దుకోవాలి. ఫోల్డర్ తీసేశాను కానీ, చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? వాష్‌రూమ్‌లో పది నిమిషాలు ఏడ్చి, మొహం కడుక్కుని, నేనే చెప్పేద్దామని డైరెక్టరు గదికి వెళ్ళాను.

గంటాయన అప్పటికే అక్కడున్నాడు. మేడమ్ ముందున్న తెర మీద ఏవో వరసలున్నాయి.

"ఏడుగురు దొంగలు మేడమ్," అంటున్నాడాయన. "మొదటివాడు పదకొండూ ఆరుకే వచ్చాడు. ఏడుగురూ తిప్పి చూశారు, ఎవరికీ తెరుచుకోలేదు. ఆ తాళంచెవి పదకొండింటికే చచ్చిపోయింది."

"ఆ తాళంచెవి నాది మేడమ్," అన్నాను.

"మీదేనని ఇందులో ఉంది," అన్నారు మేడమ్. "నేను మాట్లాడుతున్నది మీ పూచీదారుతో. రూలు ప్రకారం ముందు ఆయన జవాబు చెప్పాలి."

నాకో పూచీదారున్న సంగతే నాకు తెలియదు. మేడమ్ తెరని నా వైపు తిప్పారు. ఇచ్చిన ప్రతి తాళంచెవికీ ఒక వరస ఉంది. ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు, ఎప్పటికి చస్తుంది, పూచీ ఎవరిది. నా పేరు పక్కన గంటాయన అసలు పేరుంది. పై వరసలో మా టెస్టరు పక్కనా అదే పేరు. కింద, రెండు వారాల కిందట చేరిన డిజైనరు పక్కనా అదే. ఆరేళ్ళ వరసల్లో ఎంత కిందికి జరిపినా ఆ గడిలో ఒక్కటే పేరు.

మేడమే చెప్పారు. ఎవరికి తాళంచెవి ఇవ్వాలన్నా ఒక సీనియర్ పూచీ ఉండాలట. మునుపు కొత్తవాళ్ళకి సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకొచ్చేవారు కాదట. నెలల తరబడి పనిలేక గోళ్ళు గిల్లుకుని, విసిగి వెళ్ళిపోయినవాళ్ళున్నారట. గంటాయన తన ప్రోగ్రాం రాసినప్పుడు ఆ గడిలో తన పేరు రాసేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడు. ఈయనకి మనుషుల మీద నమ్మకం లేదని నేనన్నాను చూడండి, ఆ క్షణంలో సిగ్గుతో చచ్చిపోయాను.

"పోయింది బతికున్న తాళంచెవి అయితే రూలు వర్తిస్తుంది," అన్నారు మేడమ్ చివరికి. "చచ్చిన తాళంచెవికి ఏ రూలూ లేదు. ఆ మీసం మాత్రం తీసెయ్యండి."

బయటికొచ్చాక ఆయన్ని అడిగాను. ఇంత నమ్మకం ఉన్నవారు గంటే ఎందుకు ఇస్తారు సార్ అని.

"అరవై మందికి పూచీ ఉన్నానమ్మా," అన్నాడు. "గంటంటే ఎలాగో ఊపిరి బిగబట్టి గడిపేస్తాను. రోజంతా అంటే నా గుండె ఆగిపోదూ?"

ఆ కాపీని ఆయన చెప్పినట్టే గంట గంట ముక్కలుగా కోసుకుని గురువారానికి ముగించాను. శుక్రవారం నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం వచ్చింది. దాని మీదా ఒక సీనియర్ సంతకం కావాలి. గంటాయన నా దగ్గర కలం అడిగి తీసుకుని, కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. పూచీ ఎంతకాలమో రాసే గడి దగ్గర ఆగాడు. లేచి కిటికీ దాకా వెళ్ళాడు, నీళ్ళు తాగాడు, చెమట తుడుచుకున్నాడు, మళ్ళీ కూర్చున్నాడు. నేను నా కుర్చీలోంచి దొంగచూపులు చూస్తూనే ఉన్నాను. మొదట 'ఒక గంట' అని రాశాడు. దాన్ని కొట్టేసి, 'ఆమె ఉన్నన్నాళ్ళు' అని రాసి, సంతకం పెట్టాడు.

తరవాత గడియారం చూసుకుని, పరుగులాంటి నడకతో వచ్చి నా కలం నాకిచ్చేశాడు. తీసుకుని యాభై ఎనిమిది నిమిషాలైంది.