నిటారుగా నిలబెట్టిన దర్వాజ

కొత్త విమానాశ్రయం వచ్చిన తొలి ఏళ్ళలో శంషాబాద్ రోడ్డు మీద అందరూ తలెత్తి నడిచేవాళ్ళు, విమానాలు చూడటానికి. నేను అంతకుముందు నుంచే అలా నడిచేవాణ్ణి. ఇల్లు పోయినా, భూములు పోయినా వెన్ను మాత్రం వంగకూడదన్నది మా తాతగారు నాకు మిగిల్చిన ఏకైక ఆస్తి. (దానికి శిస్తు కట్టే పని కూడా లేదు.) ఆ వెన్నుతోనే గగన్‌పహాడ్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్ళిపత్రికలు, బిస్కెట్ డబ్బాల బొమ్మలు సరిచేసేవాణ్ణి. మెషిన్ నడిపే అన్న నాకు ‘నిట్రాట’ అని పేరు పెట్టాడు. గుడిసె మధ్యలో పాతే గుంజ అన్నమాట. నేను దాన్ని బిరుదుగానే స్వీకరించాను.

ఒకసారి ఓ రాక్ బ్యాండ్ వాళ్ళ సీడీకి అట్ట కవరు పని వచ్చింది. ఏ కంపెనీ అండా లేకుండా నలుగురు స్నేహితులు సొంతంగా చేసుకున్న పాటలు. ముందువైపు ఫోటో చూడగానే మౌస్ మీద నా చెయ్యి ఆగిపోయింది. కందుకూరు అవతల చేల మధ్య ఒంటరిగా మిగిలిన మా గడి దర్వాజ! (గడి అంటే దొరల కోటలాంటి ఇల్లు. ఇల్లంతా పోయి దర్వాజ మిగలడం మా వంశానికే చెల్లింది.) కుడివైపుకు ఒరిగి, పెచ్చులూడి, నెర్రెలోంచి రావి మొక్క మొలిచి ఉంది. ఫోటో అంతా నలుపు తెలుపు, మొక్క ఒక్కటే పచ్చ. నన్నెవరో నడిబజారులో నిలబెట్టినట్టయింది.

నమూనా చూసి వాళ్ళు అప్పటికే సంతకం పెట్టి వెళ్ళారు. సంతకం అయ్యాక చుక్క కూడా కదపకూడదన్నది ప్రెస్ ధర్మం. కానీ మా సేటుకు ఇంకో ధర్మం ఉండేది: “గిరాకీ ఫోటోల మచ్చ ఉండొద్దు.” దాని పుణ్యమా అని ఎందరు పెళ్ళికొడుకుల మొటిమలు తుడిచానో! ఆ రెండో ధర్మాన్ని పట్టుకుని దర్వాజను నిటారుగా నిలబెట్టాను. పెచ్చులు పూడ్చాను. మొక్కను పీకేశాను. మూడు తరాలు చేయలేకపోయిన మరమ్మతు ముప్పావుగంటలో ముగించి, గర్వంగా అచ్చు ప్లేట్ల తయారీకి పంపాను.

మర్నాడు పదింటికి బ్యాండ్‌లో పాడే అమ్మాయి వచ్చింది. సాయంత్రం ఆరులోగా పెట్టెలు విమానాశ్రయం కార్గోలో అప్పగించాలి; ఆ మరుసటి రోజే బెంగళూరులో వాళ్ళ తొలి కచేరీ. అచ్చయిన షీటు చేతిలోకి తీసుకుంది. మొహం పాలిపోయింది.

“మా మొక్క ఏదండీ?”

లోపలి అట్టను దానికి జోడించి మడిచి చూపించింది. లోపలిది, బయటిది విడివిడిగా వచ్చాయి కాబట్టి ఆ కవరు మొత్తాన్ని నేను చూడటం అదే మొదలు. కుడి అంచు పట్టుకుని తలుపులా తెరవాలి. దర్వాజ కుడికి ఒరగడం ఊరికే కాదు, చూసేవాడి చేతిని ఆ అంచు వైపు తోస్తుంది. ముందు పేరు లేకపోవడమూ మరుపు కాదు. (బంగారు అక్షరాలతో నేనే వేద్దామనుకుని ఆగాను, దేవుడి దయ.) తెరిస్తే ఆ మొక్క వేళ్ళు మడత దాటి లోపలికి పాకి, సీడీ కూర్చునే గుండ్రటి చోటును చుట్టుకుంటాయి. పాటల మాటలన్నీ ఆ వేళ్ళ వెంటే అచ్చయి ఉన్నాయి. ఇప్పుడు పైన మొక్క లేదు. లోపల వేళ్ళు ఎక్కడివో తెలియక దిక్కులేనివాళ్ళలా పాకుతున్నాయి.

సేటు మెషిన్ అన్న మీద విరుచుకుపడ్డాడు. “ఏ ప్లేటు ఎక్కించినవ్‌రా? కండ్లు యాడ పెట్టుకున్నవ్? ఇయ్యాల్టి సంది రాకు!”

“ఇచ్చిన ప్లేటే ఎక్కించిన సేటూ. నాకేమెరుక?” అని అన్న ఒక్కసారి నా వైపు చూశాడు. వేలు మాత్రం చూపలేదు.

చెబితే ఉద్యోగం పోతుంది. అంతకుమించి, ఆ కూలిపోతున్న దర్వాజ మాదని అందరికీ తెలుస్తుంది. (రెండోదే ఎక్కువ భయం.) అన్న తువ్వాల భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. రెండో చెప్పులో కాలు పెట్టేలోపు నా నోరు తెరుచుకుంది.

“మార్చింది నేను. ఆ దర్వాజ మాది.”

పైన ఒక విమానం మోతగా దిగి వెళ్ళింది. తర్వాత సేటు అన్నాడు, “మీదా? గంత పెద్ద దొరబిడ్డవు నా కాడ పెళ్ళికొడుకుల మొటిమలు గోకుతున్నవా?”

ఆ అమ్మాయి నవ్వలేదు. “అది ఒరిగి ఉందనే మేం బండి ఆపామండీ. నిటారుగా ఉంటే చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళం” అంది.

నా కొలువు సంగతి సాయంత్రం తేలుస్తానన్నాడు సేటు. కొత్త ప్లేట్లు చేయించి, షీట్లు అచ్చువేసేసరికి మధ్యాహ్నం దాటింది. సిరా ఆరదే! నేలంతా పరిచి ఫ్యాన్లన్నీ తిప్పి, చాలక అందరం అట్టముక్కలతో విసిరాం, సేటుతో సహా. నేను నిలబడే విసురుతున్నాను.

“నిట్రాట సారూ, జర వంగున్రి! కాయిదాలు నేల మీదున్నయ్, ఆకాశంల లెవ్వు!” అని అరిచాడు అన్న.

వంగాను. వెన్నేమీ విరగలేదు. ఆరిన షీట్లను కోసి, మడిచి, పెట్టెల్లో సర్దాం. ఆరింటికి పది నిమిషాలుండగా మా ఆటో కార్గో గేటు ముందు ఆగింది. తిరిగొచ్చాక సేటు తీర్పు చెప్పాడు: “రేపు టైముకు రా. ఇగ గడీలు గిడీలు కట్టకు.”

ఆ తర్వాత ఒక వానాకాలంలో దర్వాజ కూలిపోయింది. పాడైన షీటు ఒకటి దాచుకున్నాను. మా దర్వాజ నిటారుగా ఉన్నది అందులోనే. పక్కనే అసలు కవరూ ఉంటుంది. ఇంటికి వచ్చినవాళ్ళు చేతిలోకి తీసుకునేది మాత్రం ఆ ఒరిగినదాన్నే. మొన్న ఫోటో తీయించుకుంటే స్టూడియో అతను తెర మీద చూపిస్తూ, “సార్, కుడి భుజం జర కిందికున్నది. సీదా చెయ్యాల్నా?” అని అడిగాడు. మౌస్ పట్టుకున్న అతని చేతిని చూస్తే నా వేళ్ళు ఒక్క క్షణం జిలపెట్టాయి.

“వద్దు, అట్లనే ఉండనియ్యి” అన్నాను.