దీవి పాట, చిలకల అంచు

ఒక ఇంగ్లీషు ప్రేమపాటను మొదట కదిరి బస్సులో విన్నాను. స్పీకరు అదిరిపోయింది. తర్వాత పెళ్ళి బ్యాండువాళ్ళు కూడా దాన్ని పట్టుకున్నారు. అసలు పాట మాత్రం ఈ మధ్యే ఫోనులో దొరికింది. ఎక్కడో దీవిలో ఒకాయన, రెగే అనే అక్కడి బాణీలో, తాపీగా పాడిన పాట అది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదట. వేరేవాళ్ళు మళ్ళీ మళ్ళీ పాడి, వేగం పెంచి, ఊరూరా తిప్పారు.

ధర్మవరంలో మా నాయన మగ్గం మీద ఉండగా ఆ అసలు పాట వినిపించి, సంగతంతా చెప్పాను. మొదట పాడినవాడిని ఎవరూ తలచుకోరని నా మంట.

నాయన నేత ఆపలేదు. "మన వీధిలోనూ అంతే గదప్పా. ఎవురూ చూసి నేయని అంచు మగ్గం మీదే సచ్చిపోతాది."

ఆయన సొంతంగా వేసిన చిలకల అంచు, అచ్చంగా జరీ చిలకలు, ముందు ఎదురింటికి పోయింది, తర్వాత దాన్ని వీధంతా నేసింది. మా వీధిలో దాన్ని దొంగతనం అనరు. నాకు మాత్రం వేరే మాట దొరకదు.

ఆ తర్వాత గోరంట్లలో చుట్టాల పెళ్ళికి పోయాం. బ్యాండులో అదే పాట. పెళ్ళికూతురి చీరకు అదే అంచు, వేరే మగ్గం మీద నేసింది. చిలకల ముక్కులకు ఎర్రపట్టు వేశారు. నాయన అక్షింతలు వేయడానికి వంగి, అంచునే చూస్తూ ఉండిపోయాడు. వెనక జనం తోస్తున్నారు.

మండపం దిగాక అడిగాను. "మనదే కదా నాయనా?"

"మనదే," అన్నాడు. "ఆ ఎర్రముక్కు నాకెందుకు తట్టలేదో."