నేటివ్ అనే మాట, ఇచ్చోడ అవతలి పొలిమేర

కరీంనగర్‌లో నేను ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే చిన్న ట్యుటోరియల్ నడుపుతాను. వచ్చేవాళ్లలో సగానికి పైగా గల్ఫ్‌కు పోయేవాళ్లే. మొన్న మాఘమాసంలో గంగాధర్ అనే ముప్పయ్యేళ్ల మనిషి, మస్కట్‌లో డ్రైవరు పనికి ఫారం నింపుతూ, "సార్, నేటివ్ ప్లేస్ అంటే పుట్టిన ఊరా, ఉండే ఊరా?" అని అడిగాడు. ఇలాంటి ప్రశ్న దొరికితే నాకు పండగే. బోర్డు దగ్గరికి పోయి, లాటిన్‌లో పుట్టుకను చెప్పే మాట నుంచి అది వచ్చిందని, నేచర్, నేషన్ దాని తోబుట్టువులని, లోకం తెలియని అమాయకుణ్ణి అనే నైవ్ కూడా ఆ ఇంటి మనిషేనని పావుగంట దంచాను. గంగాధర్ అంతా విని, "గట్లయితే మీ నేటివ్ ఏది సార్?" అన్నాడు. "జమ్మికుంట దగ్గర" అనేశాను. అది మా బాపు ఊరు. నేను అక్కడ పుట్టలేదు. మాలో తొలి కాన్పు పుట్టింట్లోనే చేస్తారు కాబట్టి నేను పుట్టింది మేం అవ్వ అని పిలిచే మా అమ్మ ఊళ్లో, ఆదిలాబాద్ జిల్లాలో, ఇచ్చోడ దాటాక. బడిలో చేర్చిన రోజు పంతులు బాపు ఊరు రాసుకున్నాడు. ఆ తర్వాత నా కాగితాలన్నీ దాన్నే చూసి రాసుకుంటూ వచ్చాయి.

అదే వారం మా అవ్వ ఫోను మోగింది. అవ్వ పోయి రెండేళ్లు దాటింది. ఆ నంబరుకు రీఛార్జి చేయించడం మాత్రం నేను మానలేదు. అవతల ఎవరో పెద్దమనిషి గొంతు. "రాజవ్వక్క ఉన్నదా? ఆమె కొడుకువా? ఆదివారం మన బొడ్రాయికి మూడేండ్ల పండుగ. ఊరి ఆడబిడ్డలందరికీ చెప్తున్నం. అక్కను తోలుకరా." బొడ్రాయి అంటే ఊరి నడుమ పాతే రాయి. ఊరికి అదే బొడ్డు. పెళ్లయి పోయిన ఆడబిడ్డలంతా తిరిగొచ్చి ఆ రాయి మీద తలా ఒక బిందె నీళ్లు పోస్తారు. మూడేళ్ల కింద దాన్ని కొత్తగా నిలబెట్టినప్పుడు కూడా ఇలాగే ఫోన్ వచ్చింది. అవ్వ నన్ను తీసుకుపొమ్మంది. కొత్త బ్యాచి మొదలైందని, "మళ్ల చేస్తరు గదనే, అప్పుడు పోదాం" అని అన్నాను. ఆమె రెండోసారి అడగలేదు. ఏదీ రెండోసారి అడిగే మనిషి కాదు. ఆ వచ్చిన వానాకాలంలోనే అవ్వ చనిపోయింది. ఇప్పుడు ఫోన్లో ఆమె పోయిన సంగతి చెప్పకుండానే, "సరే, వస్తం" అని పెట్టేశాను.

ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి కరీంనగర్ బస్టాండులో నిర్మల్ పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం, టికెట్టు రెండు వందల చిల్లర. ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. నా పక్క సీటు మెట్‌పల్లి దాకా ఖాళీగానే ఉంది. అవ్వ ఉంటే పైసా ఖర్చు లేకుండా కిటికీ పక్కన కూర్చుని వచ్చేది కదా అనిపించి, సంచీ తీసి ఆ సీట్లో పెట్టాను.

దారంతా నేటివ్ అనే మాటనే నమిలాను. ఒకప్పటి ఇంగ్లండులో నేటివ్‌కు మూలమైన లాటిన్ మాటకు పుట్టుకతోనే దొర భూమికి కట్టుబడిన వెట్టివాడు అనే అర్థం ఉండేది. వాడు ఎక్కడ పుట్టాడో అక్కడి నుంచి దొర సెలవు లేకుండా కదలడానికి వీల్లేదు. తర్వాత తెల్లదొరలు మన దేశం వచ్చి ఇక్కడివాళ్లందరినీ అదే మాటతో, చిన్నచూపు కలిపి పిలిచారు. ఇంత చరిత్ర ఉన్న మాటను మనం "మీ నేటివ్ ఎక్కడండీ" అంటూ చాయ్ తాగుతూ ముచ్చటగా వాడుకుంటున్నాం. నిజాం కాలంలో మన దగ్గర స్థానికుడు అని చెప్పడానికి ముల్కీ అనే మాట ఉండేది. ఇప్పుడు ఆఫీసులో ఇచ్చే నేటివిటీ సర్టిఫికెట్టుకు నువ్వు ఏ ఊళ్లో చదివావన్నదే కావాలి, ఏ ఇంట్లో పుట్టావన్నది అక్కర్లేదు. మా అవ్వ కాగితాల్లో కూడా జమ్మికుంటే ఉంది. పదహారేళ్లకు అక్కడికి కోడలిగా వచ్చింది, ఆమె పుట్టిన ఊరు ఏ కాగితంలోనూ లేదు.

నిర్మల్‌లో ఉప్మా తిని, తొమ్మిదిన్నరకు ఆదిలాబాద్ బస్సు ఎక్కాను. ఘాట్ రోడ్డు మీద టేకు చెట్లు ఆకులన్నీ రాల్చి నిలబడ్డాయి. మబ్బు పట్టి ఎండ రాలేదు. పదిన్నరకు ఇచ్చోడలో దిగాను. షేర్ ఆటోలు ఆ రోజు ఆ ఊరికి పోవడం లేదు. పాండురంగ్ అనే ఆటో డ్రైవరు రెండు వందల యాభైకి ఒప్పుకుని, ఊరి పేరు మళ్లీ అడిగాడు.

"సార్, గా ఊర్ల ఇయ్యాల కట్టు ఉన్నది. పొద్దుమూకే దాక బయటోళ్లను రానియ్యరు. లోపటోళ్లు బయటికి రారు."

"నేను గా ఊర్లనే పుట్టిన" అన్నాను.

"గట్లయితే ఫికర్ లేదు" అని బండి తీశాడు. ఊరు పేరు ఇక్కడ రాయను. వాళ్లు చేసిందాంట్లో తప్పేమీ లేదు.

పదకొండింటికి పొలిమేర చేరాం. రోడ్డుకు అడ్డంగా పసుపు పూసిన తాడు, దానికి వేపరెమ్మలు. అవతల పది మంది మగవాళ్లు కుర్చీలేసుకుని కూర్చున్నారు. ముందున్నాయన పేరు భూమన్న, అరవై దాటి ఉంటాయి. ఫోన్లో మాట్లాడింది ఆయనే. నేను రాజవ్వ కొడుకునని చెప్పగానే మొహం విచ్చుకుంది.

"అల్లుడా! వచ్చినవా. రాజవ్వ ఏది? ఆటోల ఉన్నదా?"

"నేనొక్కణ్ణే వచ్చిన."

"ఆడబిడ్డకైతే కట్టు లేదు, ఎప్పుడొచ్చినా తాడు లేపుతం. నువ్వు అల్లుడివాయె. ఆమె ముందలుంటే వెనుక నువ్వు రావచ్చు. ఒక్కనివంటే రానియ్యరాదు."

"నేను ఈ ఊర్లనే పుట్టిన, మామా."

"పుట్టినవ్. ఎవలు కాదన్నరు? పుట్టి, మీ ఊరికి పోయినవ్." కోపం లేదు ఆ గొంతులో. ఒక కుర్చీ తాడు మీదుగా అందించి, చింతచెట్టు కింద వేసుకొమ్మన్నాడు. "రాజవ్వ పేరు మీద బిందె పెట్టినం. పోయినపారి గూడ పెట్టినం, రాలే. గీ పారన్న వస్తున్నదా?"

నిఘంటువు నా పక్షాన ఉంది, తాడు వాళ్ల చేతిలో ఉంది. "వెనుక వస్తున్నది" అన్నాను. అబద్ధాలకు అబద్ధాలు తోడవుతూ పోయాయి. పాండురంగ్ ఆటో తిప్పుకుని పోయాడు, సాయంత్రం ఆరింటికి వస్తానని నంబరిచ్చి.

ఊళ్లోంచి డప్పులు వినిపిస్తున్నాయి. ఒంటిగంటకు భూమన్న ఆకులో పులిహోర పంపుదామని లేచి, లోపలి వంట బయటికి దాటరాదని గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు. నా దగ్గర బిస్కెట్ ప్యాకెట్టుంది. తినబుద్ధి కాలేదు. రెండింటి వేళ ఒక ముసలామె కర్ర ఊతంతో మెల్లగా వచ్చి తాడు అవతల కూలబడింది. పేరు పోశవ్వ. ఒకప్పుడు ఊరందరికీ కాన్పులు చేసిన మనిషి.

"రాజవ్వ కొడుకువా? నీ బొడ్డు కోసింది నేనే. పొద్దుందాక అరిచి సంపినవ్" అంది. తర్వాత నన్ను తేరిపార చూసి, మగవాళ్లకు వినపడకుండా, "మీ అవ్వ లేదు గదా?" అంది.

తలూపాను. ఎప్పుడని అడిగింది. చెప్పాను. మూడేళ్ల కింద అవ్వ వస్తానంటే నేనే తేలేదని కూడా చెప్పాను. ఇంతవరకు ఎవరితోనూ అనని మాట అది.

పోశవ్వ కర్రతో మట్టి గీకింది. "సావు మాట ఇయ్యాల ఊర్లకు రావద్దు బిడ్డా. కట్టు ఇప్పే దాక ఎవలకు చెప్పకు. నేను చెప్ప. బిందె కాడ కూసుంట. ఎవలన్న అడుగుతే, దారిల ఉన్నదని చెప్త." లేచి, వచ్చినంత మెల్లగా వెనక్కి పోయింది.

ఆ మూడున్నర గంటలు నేను ఎలా గడిపానో చెప్పలేను. తాడు అవతల మా అవ్వ ఇంకా బతికే ఉంది, ఇచ్చోడ నుంచి వస్తూ ఉంది. కొత్తగా ఎవరో ఆడబిడ్డ ఆటో దిగితే చాలు, భూమన్న లేచి, "రాజవ్వేనా?" అని తొంగి చూసేవాడు. ప్రతిసారీ నేనూ తల తిప్పి చూశాను. సిగ్గుగా ఉంది రాయడానికి, కానీ చూశాను.

అయిదున్నరకు కట్టు విప్పారు. భూమన్న నా భుజం మీద చెయ్యేసి లోపలికి నడిపించాడు. బొడ్రాయి చుట్టూ నేలంతా తడి, పసుపు. ఖాళీ బిందెలు బోర్లించి ఉన్నాయి. ఒక్కటి మాత్రం నిండుగా ఉంది, మెడకు పసుపుదారం కట్టి. పక్కన పోశవ్వ. అప్పుడు ఆమె భూమన్నకు చెప్పింది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఫోన్లనే చెప్పకపోతివా అల్లుడా. పొద్దంత ఎదురుచూస్తిమి" అన్నాడు.

ఆ నీళ్లు రాయి మీద నేను పోయకూడదు. అది ఆడబిడ్డల పని. పోశవ్వ బిందె నా చేత ఎత్తించి, రెండు సందులు దాటించి, ఒక పెంకుటింటి వెనక్కి తీసుకుపోయింది. మా అమ్మమ్మ వాళ్ల ఇల్లట. ఎప్పుడో చేతులు మారింది. "నువ్వు పుట్టినంక పడ్డ మాయ గీడనే పాతిన, చిన్న కుండల పెట్టి. మీ అవ్వ మంచంల నుంచి చూసుకుంట, లోతుకు తవ్వు కుక్కలు తీస్తయి అన్నది. గా నీళ్లు గీడ పొయ్యి."

అక్కడిప్పుడు సిమెంటు రోడ్డు. పోశాను. నీళ్లు ఒక్క చుక్క ఇంకలేదు. పలచగా పారి, పక్కనున్న మోరీలోకి పోయాయి. పోశవ్వ నా చేతిలోంచి ఖాళీ బిందె తీసుకుంది.

ఆరింటికి పాండురంగ్ వచ్చాడు. రాత్రికి నిర్మల్‌లో ఉండి పొద్దున కరీంనగర్ చేరాను. సోమవారం క్లాసులో గంగాధర్ తన ఫారం తెచ్చి, నేటివ్ ప్లేస్ గడి ఇంకా ఖాళీగానే ఉందన్నాడు. నిఘంటువు లెక్కన నేను ఆ ఊరివాణ్ణి. కాగితాల లెక్కన నేనూ మా అవ్వా ఇద్దరం జమ్మికుంటవాళ్లం. ఊరి లెక్కన మాత్రం ఆమె ఒక్కతే అక్కడి మనిషి, పెళ్లయి యాభై ఏళ్లయినా, చచ్చిపోయినా. ఆ ఊరికి నాకున్న దారి ఆమె ఒక్కతే. ఆ దారిని ఒక ట్యూషన్ బ్యాచి కోసం నేనే మూసుకున్నాను. గంగాధర్‌కు మాత్రం, "మీ అవ్వనడిగి రాయి, ఇయ్యాలే అడుగు" అని చెప్పాను.

ఇటువైపు ఊళ్లకు పోవాలనుకునేవాళ్లకు ఒక్క మాట: బొడ్రాయి పండుగల రోజుల్లో కట్టు ఎప్పుడు వేస్తారో, ఎప్పుడు విప్పుతారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మీవాళ్లలో ఎవరైనా చనిపోయి ఉంటే, ఆ ఫోన్లోనే చెప్పేయండి. లేకపోతే వాళ్లు బిందె నింపి పెడతారు.