నొప్పి వస్తే మింగే మాత్రలు

మాత్ర మింగామని చెప్పినా వీడియో ఫోన్లోనే నోరు తెరిచి చూపించమంటావేందవ్వా అని అడుగుతారు కదా, ఆ అనుమానం నాకు పుట్టుకతో రాలేదు నాయనా, ఉద్యోగంతో వచ్చింది. ఆ రోజుల్లో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, ప్రొద్దుటూరు నుంచి వెళ్లి జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మా పెద్ద సిస్టరు ఎవరినీ నమ్మేది కాదు. (ఆమె నేర్పిన విద్యల్లో నాకు బాగా అబ్బింది అదొక్కటే.)

పెద్దముడియం వైపు నుంచి బండలు కొట్టే తాత ఒకాయన ఏళ్లనాటి నడుము నొప్పితో వచ్చి చేరాడు. నొప్పి వచ్చినప్పుడు ఒక మాత్ర, రోజుకు మూడుకు మించకూడదు అన్నాడు డాక్టరు. నేను పొద్దున్నే మూడూ చేతిలో పెట్టి, నొప్పి వస్తే మింగమని చెప్పేదాన్ని. నాలుగు రోజులైంది. మాత్రలు ఇచ్చినట్టు నా చీటీలో ఉంది, నొప్పి మాత్రం ఆయన మొహంలోనే ఉంది. పక్కకు తిరగాలంటే పళ్లు బిగబట్టేవాడు. పెద్ద సిస్టరు నన్ను పిలిచి మెల్లగా అంది: "మాత్రలు ఆయప్ప కడుపులోకి పోలేదు. యాడికి పోయినాయో రేపటికి తేల్చు. లేకుంటే ప్రొద్దుటూరు బస్సెక్కు."

నాకు తాత భార్య మీద అనుమానం. ఆమె మాత్రలు మూటగట్టి ఊరికి పంపుతోందేమోనని, ఆరేసిన దుప్పట్ల చాటున నిలబడి కాపు కాశాను. ఆమె తిన్నగా నా దగ్గరికే వచ్చింది. "కింద నీ కాళ్లు కనపడతాండాయి నర్సమ్మా. ఏమన్నా పోగొట్టుకుంటివా?" తాత మాత్రలు ఏమయ్యాయో తేలకపోతే ఉద్యోగం పోయేట్టుందని చెప్పేసి ఏడ్చాను. నన్ను తాత దగ్గరికి తీసుకుపోయింది. ఆయన టవలు కొంగు ముడి విప్పితే పన్నెండు మాత్రలూ ఉన్నాయి. ఎందుకు మింగలేదన్నాను.

"నొప్పి వస్తే మింగమంటివి కదమ్మా. అది యాడికన్నా పోతే కదా, మళ్లా వచ్చేకి? ఏండ్ల నుంచి ఈడ్నే ఉండాది."

డాక్టరు చీటీ మార్చి, నొప్పి వచ్చినా రాకున్నా పూటకొకటి అని రాశాడు. మింగేదాకా మంచం దగ్గరే నిలబడి, నోరు తెరిపించి చూడమంది పెద్ద సిస్టరు. నా ఉద్యోగం నిలిచింది.

పది రోజులకు తాత తనంతట తానే నడిచి గేటు దాకా వచ్చాడు. నొప్పి పోయిందా అని అడిగాను. పోయిందన్నాడు. నిజం చెప్పమన్నాను. "నువ్వింత ఆశగా అడుగుతాంటే, ఉండాదని యాడ చెప్పేదమ్మా" అని నవ్వుతూ ఎద్దుల బండెక్కాడు. దుప్పట్ల చాటున దాక్కోవడం తెలిసిన ఆ పిచ్చిపిల్లకు, నాలుగడుగులు బండి వెంట నడిచి మళ్లీ అడగాలని తోచలేదు. ఇంతకీ ఆయన నొప్పి పోయినట్టా, ఉన్నట్టా?