సుడిగాలి నడుమ

మొన్న పొద్దున నా భార్య సరోజ రెండు గుక్కల కాఫీ తాగింది. మధ్యాహ్నం "ఫ్యాన్ ఆపు బావా" అంది. చలిగా ఉందా అని అడిగితే కాదని తల ఊపింది. ఆపాను. సాయంత్రం నా చేయి పట్టుకునే పోయింది.

ఈరోజు వాకిట్లో చిన్న సుడిగాలి లేచి ఎండుటాకులను తిప్పింది. చిన్నప్పుడు, అరవైల్లో, రొద్దంలో మా మామ వాళ్ళ వేరుశెనగ కళ్ళం గుర్తొచ్చింది. మా ఈడువాళ్ళు మరిచిపోయి ఉండరు. పొట్టూ ఎర్రమట్టీ కలిసి స్తంభంలా లేచేవి. దయ్యం గాలి అని పెద్దవాళ్ళు ఉమ్మేసి, దాని మీదికి చెప్పులు విసిరేవాళ్ళు. మామ కూతురు సరోజ మాత్రం కళ్ళు మూసుకుని అందులోకి దూరేది.

"దయ్యం పట్టుకుంటే నిన్నెవురు చేసుకుంటారే?" అని అవ్వ అరిచేది.

"బావ ఉండాడు గదవ్వా! దయ్యానికేమో గానీ, నీ చెప్పు నాకే తగిలె!"

తలనిండా పొట్టుతో నా దగ్గరికి వచ్చేది. "నడిమధ్యన గాలే ఉండదు బావా. నిమ్మళంగా ఉంటాది. నువ్వూ రా."

నేను భయపడి గట్టు మీదే నిలబడేవాణ్ణి.

ఫ్యాన్ ఆగాక ఆమె ముఖంలో కనిపించింది ఆ నిమ్మళమే అనుకుంటున్నాను.

ఎగువన పడ్డ వానలకు పెన్న ఏట్లో మోకాటిలోతు నీళ్ళు వచ్చాయి. బండ పక్కన సుళ్ళు తిరుగుతున్నాయట. "నువ్వు గట్టున కూర్చో నాయనా, అస్థికలు మేం కలిపొస్తాం" అన్నాడు మా అబ్బాయి.

రేపు పొద్దున నేనే నీళ్ళలోకి దిగి, ఆ సుడి నడుమ ఆమెను వదిలి వస్తాను.